లైను నిలబడలేదు

పైపు నోట్లోంచి ఇన్ని నీళ్ళు బుళుక్కున దూకి, చీనీబత్తాయి చెట్టు పాదులో పడీ పడకముందే ఆగిపోయాయి. మోటారు చప్పుడూ ఆగిపోయింది. లైన్‌మెన్ మల్లికార్జున ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె పక్కన నిలబడి, చెవి దగ్గర్నుంచి ఇంకా దించని ఫోన్లోనే అన్నాడు, "శశీ, లైను నిలబడలేదప్పా. ఇంకోసారి వేసి చూడు." ఆలోచించి అన్న మాట కాదది. పద్దెనిమిదేళ్ళుగా నాలుక మీదే కాపురముంటున్న మాట. గాలివాన కొట్టిన తర్వాత లైను వేస్తే ఎక్కడో ఒక కొమ్మ తగిలి స్విచ్చి దానంతటదే పడిపోతుంది, రెండోసారి వేస్తే ఆ కొమ్మ కాలి రాలిపోయి లైను నిలబడుతుంది. సబ్‌స్టేషన్లో స్విచ్చి ముందు కూర్చునే శశికీ ఇది తెలుసు. "సరేన్నా," అన్నాడు శశి. మోటారు గుర్రుమంది, చచ్చింది. ఈసారి నీళ్ళు కూడా రాలేదు. తోట యజమాని బయ్యన్న తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ వచ్చాడు. మూడు రోజులుగా తడి లేని తోట అది, మే నెల ఎండ, మధ్యాహ్నం ఒకటిన్నర. "ఏమప్పా మల్లికార్జునా, వచ్చినట్టే వచ్చి పాయె. అవునూ, ఎప్పుడూ ఇద్దరొస్తారే, ఒక్కనివే వచ్చినావు. జయరాం యాడ?"

జయరాం యాడ. జయరాం బోడిగుట్ట మీద ఉన్నాడు. గుట్ట మీద స్తంభం పైన, నడుముకు బెల్టు కట్టుకుని, పగిలిన ఇన్సులేటర్లు తీసి కొత్తవి బిగిస్తున్నాడు. ఇదే లైను మీద. మల్లికార్జునకు ముందు మాట వినబడింది, తర్వాత దాని అర్థం తెలిసింది. స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌కు చెప్పి లైను ఆపించుకోవడాన్ని ఎల్‌సీ తీసుకోవడమంటారు. పని ముగిశాక, మనుషులందరూ దిగాక, దాన్ని తిరిగి ఇచ్చేస్తారు, అప్పుడు కరెంటు వదులుతారు. ఎవరి ఎల్‌సీ వాళ్ళే తీసుకోవాలి, ఎవరిది వాళ్ళే తిరిగివ్వాలి, సంతకం పెట్టాలి. పుస్తకంలో అంత చక్కగా ఉంది. ఆ పుస్తకాన్ని పక్కన పెట్టి ఒకరి పేరు మీద ఒకే ఎల్‌సీ తీసుకుని ఇద్దరూ రెండు చోట్ల ఎక్కడం అనే తెలివైన పద్ధతి ఈ లైను మీద కనిపెట్టినవాడు మల్లికార్జునే. అరగంట మిగులుతుంది. ఆ అరగంటలో ఇంకో స్తంభం ఎక్కవచ్చు. ఇప్పుడు తన పని ముగియగానే తన పేరు మీదున్న ఎల్‌సీని తను తిరిగిచ్చేశాడు. లైను ఇచ్చేయప్పా అన్నాడు. నిలబడకపోతే ఇంకోసారి వెయ్యమన్నాడు.

శశికి ఫోన్ చేస్తే ఒక్క రింగుకే ఎత్తాడు. "వేయొద్దు. వేయొద్దు శశీ, వేయొద్దు." "రెండుతూర్లూ పడిపాయె కదన్నా, ఇంగెందుకు వేస్తా. ఏమైంది?" ఏమైందో చెప్పకుండానే ఫోన్ పెట్టేశాడు. జయరాంకు చేశాడు. మోగింది, మోగింది, మోగి ఆగిపోయింది. బయ్యన్న ఏదో అడుగుతున్నాడు, పెదవులు కదులుతున్నాయి. మల్లికార్జున బండి ఎక్కాడు. ప్లయరు దిమ్మె మీదే వదిలేశాడు, చెప్పులు వేసుకున్నాడో లేదో బండి గేరు మీద కాలు పెట్టాకగానీ తెలియలేదు. వేసుకునే ఉన్నాడు. మనిషి ఇంత భయంలో కూడా చెప్పులు వేసుకుంటాడా అని వింతగా అనిపించింది, ఆ వెంటనే సిగ్గేసింది.

బయ్యన్న తోట నుంచి బోడిగుట్టకు అడ్డంగా పోతే నాలుగు కిలోమీటర్లు, కానీ అడ్డంగా బాట లేదు, వంక దాటి, కంపచెట్ల మధ్య బండ్లబాట పట్టి, రాళ్ళ మీద ఎగిరెగిరి పోవాలి, అరగంట. అరగంట. మిగిలిందనుకున్న అరగంట ఇదే కాబోలు, ఇట్లా చేతికొచ్చింది. లైను ఎందుకు పడిపోయింది, అదీ ఆలోచించాల్సింది, తీగకూ నేలకూ మధ్య ఏదో తగిలితేనే పడిపోతుంది, కొమ్మయినా తగలాలి, మనిషైనా తగలాలి. లేదంటే గొలుసు. జయరాంకు ఒక అలవాటుంది, ఎల్‌సీ ఉన్నా సరే, ఎక్కగానే మూడు తీగల మీదా ఇనుప గొలుసు వేసి, దాని కొసను నేలలో దిగ్గొట్టిన కడ్డీకి కడతాడు, పొరపాటున ఎవడైనా కరెంటు వదిలితే గొలుసు దాన్ని నేలకు లాగేస్తుంది, సబ్‌స్టేషన్లో స్విచ్చి పడిపోతుంది, మనిషి బతుకుతాడు. వేశాడా? ఈ రోజు వేశాడా? ఎప్పుడూ వేస్తాడు. అయితే వేసే ఉంటాడు. కానీ పొద్దున బండి ఎక్కేముందు, ఆ మాట ఎవరన్నారు, ఎవరో అన్నారు, గొంతు గుర్తొస్తోంది, ఆ గొంతు తనదే, "ఈ పొద్దు గొలుసూ గిలుసూ అని పెండ్లి పనులు పెట్టుకోవద్దు రా సామీ, ఎల్‌సీ ఉండాది కదా, టకటకా కట్టి దిగు." జయరాం ఏమన్నాడు? నవ్వాడా, తలూపాడా, సరే అన్నాడా? మల్లికార్జున ఎంత వెతికినా ఆ చోట జయరాం మొహం దొరకలేదు. పొద్దున జరిగిన దానిలో చాలా భాగం దొరకడం లేదు. శశికి ఫోన్ చేసి ఎల్‌సీ తీసుకున్న గుర్తే లేదు, తీసుకునే ఉంటాడు, తీసుకోకపోతే తనే చచ్చేవాడు కదా. ఎంత తేలిగ్గా వచ్చింది ఆ ఆలోచన. తనే చచ్చేవాడు కదా.

ఫోన్ మోగింది. జేబులోంచి తీసి, జయరాం అనుకుని, బండి ఆపకుండానే చెవికి ఆనించాడు. "అన్నా, మా పక్క కరెంటు ఎప్పుడొస్తాది?" ఎవరో రైతు. "పది నిమిషాల్లో వస్తాది," అన్నాడు మల్లికార్జున. పెట్టేశాక తన గొంతు తనకు వినబడింది, మెత్తగా, నమ్మకంగా, మూడు రోజుల నుంచి మూడు వందల మందికి చెప్పిన గొంతు, దాని పాటికి అది చెప్పేసింది. లోపల మనిషి ఉన్నాడో పోయాడో దానికి అక్కర్లేదు. ఇదే గొంతు ఇట్లాగే కదా ఇంకోసారి వేసి చూడు అన్నది.

వంకలో ఇసుక, బండి తోక ఊపింది, కాళ్ళు రెండూ దించి తోసుకుంటూ దాటాడు. మూడు రోజుల కిందటి గాలికి ఈ చుట్టుపక్కల నలభై ఒక్క స్తంభాలు పడ్డాయి. వాన మాత్రం నాలుగు చినుకులు, దుమ్ము అణగడానికి కూడా చాలలేదు. ఈ సీమకు గాలి మటుకు ధారాళంగా వస్తుంది, కావాలంటే ఆ కొండ మీది గాలిమరల్ని చూడండి, ఏ బాధా లేకుండా తిరుగుతున్నాయి. ఆ మూడు రోజుల్లో అతను పడుకున్నది సబ్‌స్టేషన్ బెంచీ మీద రెండు గంటలు, బయ్యన్న తోట గట్టు మీద కునికిన పావుగంట. తిన్నది నిలబడి. పడుకో అన్నవాళ్ళు లేకపోలేదు. పడుకుంటే ఎవరి తోటో ఎండుతుంది. భార్య ఉమాదేవి శింగనమలలో ఇంటి గడప మీద నిలబడి అంది, ఎప్పుడు, పోయిన వారమో అంతకు ముందో, "నువ్వు నిద్రలో గూడా ఫోనెత్తి మాట్లాడతాండావు, తెలుసా నీకు? ఎవరో అడిగితే లైను ఇచ్చేయమని చెప్పినావు, నిద్దట్లో." అతను నవ్వాడు. ఆ సంగతి సబ్‌స్టేషన్లో గొప్పగా చెప్పుకున్నాడు కూడా. శశి పడీ పడీ నవ్వాడు. నవ్వాల్సిన సంగతే, నిద్రలో కూడా డ్యూటీ చేసే మనిషి. నిద్రలో డ్యూటీ చేసే మనిషి. ఇప్పుడా మాట వేరేగా వినబడుతోంది, నవ్వు రావడం లేదు.

మళ్ళీ ఫోన్. జయరాం కాదు. ఎత్తలేదు. ఫోన్ మోగుతుంటే ఎత్తకుండా వదిలేసి ఎన్నేళ్ళయిందో, ఆ మోత వినడం ఇంత కష్టమని అతనికి తెలియదు. ఆ మోత వెనక ఎప్పుడూ నాయన ఉంటాడు. తనకల్లు దగ్గర పల్లెలో వాళ్ళకు ఎనభై చీనీచెట్లు ఉండేవి. అప్పుడు తనకు పన్నెండేళ్ళు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. నాయన రోజూ పొద్దున్నే లైన్‌మెన్ ఇంటి మెట్ల మీద పోయి కూర్చునేవాడు, ఒక్కోసారి తనను కూడా తీసుకుపోయేవాడు, పిల్లవాణ్ణి చూస్తే జాలిపడతాడని. ఆ లైన్‌మెన్ లోపల అన్నం తింటూ, చేయి కడుక్కుంటూ, తలుపు సందులోంచి చూసి, రేపు రా పో అనేవాడు. నాయన లేచి దండం పెట్టేవాడు. రెండు చేతులూ జోడించి, అన్నం తింటున్న మనిషికి. పంతొమ్మిది రోజులు. ఆకులు ముందు ముడుచుకుని, తర్వాత గలగలమని, తర్వాత రాలిపోయి, కాయలు మాత్రం వేలాడుతూ ఉండేవి, అది చూడలేక నాయన తోట వైపు పోవడమే మానేశాడు. అప్పుడే అనుకున్నాడు పన్నెండేళ్ళ మల్లికార్జున, తను లైన్‌మెన్ అయితే ఎవడి చేతా దండం పెట్టించుకోనని. మంచి మాటే. ఎవరు కాదంటారు. ఫోన్ ఎత్తకపోవడం లేదు, రానని చెప్పడం లేదు, ఆదివారం లేదు. మల్లికార్జునన్న దేవుడప్పా అని బయ్యన్నే నలుగురిలో అన్నాడు. ఆ మాట విన్న రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతో. దేవుడికి నిద్ర అక్కర్లేదని అతనూ నమ్మేశాడు. జయరాం మాత్రం ఆదివారం ఫోన్ ఆపేసి గొర్రెల సంతకు పోతాడు, మధ్యాహ్నం చెట్టు కింద గంట పడుకుంటాడు, నీరసంగా ఉంటే ఈ రోజు ఎక్కను అంటాడు, మొహమాటం లేకుండా. రైతులు జయరాంను సోమరి అనేవాళ్ళు. మల్లికార్జున కాదనలేదు. ఒకటి రెండుసార్లు వాళ్ళతో కలిసి నవ్వాడు.

జయరాం సోమరి అని నవ్వాడు. జయరాం భార్య ముఖం ముందుకొచ్చింది, ఆమె కట్టిచ్చే జొన్నరొట్టెల్లో ఎప్పుడూ రెండు ఎక్కువ ఉంటాయి, అవి ఎవరి కోసమో అందరికీ తెలుసు. ఆమెకు ఏం చెప్పాలి? వాకిట్లో నిలబడి ఏమని మొదలుపెట్టాలి? కొమ్మ పడిందని, అవతలి లైను నుంచి కరెంటు తిరిగి వచ్చిందని, శశి పొరపాటున, అవును, శశి అడగాలి కదా, ఇద్దరూ దిగినారా అని శశి అడిగి ఉండాలి కదా, స్విచ్చి వేసింది శశి చేయి. మల్లికార్జున ఆ ఆలోచన వెంట కొంత దూరం పోయాడు, ఆ బాట ఎంత నున్నగా ఉందో చూసి హడలిపోయాడు. జయరాం బతికి ఉన్నాడో లేడో తెలియకముందే తను తప్పించుకునే దారి వెతుకుతున్నాడు.

కంపచెట్ల దగ్గర గొర్రెలు బాటకు అడ్డం పడ్డాయి. వాటి వెనక నల్లమ్మ, ఆ గుట్టల్లోనే జీవాలు మేపుకునే ముసలామె, కట్టె ఊపుతూ తోలుతోంది. బండి ఆపక తప్పలేదు. "యాడికప్పా అంత బిరీన? ఆ గుట్ట తట్టు ఢామ్మని శబ్దమొచ్చె, ఇన్నావా? రెండుతూర్లు. మొదటితూరి మంట గూడా లేచె. నా జీవాలన్నీ బెదిరిపోయి చెల్లాచెదరు."

"అవ్వా, స్తంభం మీద మనిషిని చూసినావా? దిగినాడా?"

"నా కండ్లకు అంత దూరం యాడ కనపడతాది నాయనా. అరుపైతే ఇనపళ్ళేదు."

అరుపు వినబడలేదు. అరవలేదంటే ఏమిటి? ఏమీ కాలేదు కాబట్టి అరవలేదా, అరిచే వీల్లేకుండా అయిందా? పదకొండు వేల వోల్టులు తగిలిన మనిషి అరవడు. పదేళ్ళ కిందట ఒకణ్ణి చూశాడు, తాడు కట్టి దించింది తనూ జయరామే, ఆ రోజు నుంచే జయరాం గొలుసు వేయడం మొదలుపెట్టాడు, ఆ రోజు తనూ అనుకున్నాడు, ఇక మీద గొలుసు లేకుండా ఎక్కనని. ఎన్నాళ్ళు నిలబడింది ఆ మాట? వేరుశనగ విత్తే రోజుల దాకా. రైతులు తొందరపెట్టారు. గొర్రెలు కదలడం లేదు, హారన్ కొడుతున్నాడు, ఒక్కొక్కటీ తల తిప్పి అతని మొహంలోకి చూసి, ఏ తొందరా లేకుండా దాటుతోంది. మల్లికార్జునకు ఏడుపొచ్చింది. గొర్రెల ముందు, నల్లమ్మ ముందు, నలభై రెండేళ్ళ మనిషి, బండి మీద కూర్చుని ఏడ్చాడు. నల్లమ్మ కట్టె పక్కన పెట్టి తన చేతులతోనే గొర్రెల్ని పక్కకు నెట్టింది.

గుట్ట మలుపు తిరిగితే స్తంభం కనబడుతుంది. తిరగడానికి ముందు బండి వేగం తగ్గిపోయింది, తనే తగ్గించాడు, ఇంకొక్క నిమిషం జయరాం బతికే ఉండనీ అన్నట్టు. తిరిగాడు. స్తంభం పైన ఎవరూ లేరు. తీగల మీద ఎవరూ వేలాడటం లేదు. కొత్త ఇన్సులేటర్లు రెండు తెల్లగా మెరుస్తున్నాయి, మూడోది ఉండాల్సిన చోట ఖాళీ, దాని తీగ ఇనుప అడ్డకడ్డీ మీదే ఆని ఉంది. కింద, స్తంభానికి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని, జయరాం కూర్చుని ఉన్నాడు. తల పక్కకు వాలి ఉంది. ఎడమ చేతి మీద వెంట్రుకలు మాడిపోయి ఉన్నాయి. పక్కనే గొలుసు, నల్లగా కాలి, రెండు ముక్కలై పడి ఉంది. మల్లికార్జున బండి స్టాండు వేయకుండానే దిగాడు, బండి పడిపోయింది, ఆ చప్పుడుకు జయరాం కదల్లేదు. దగ్గరికి పోయి భుజం మీద చేయి వేశాడు. జయరాం ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు.

"వచ్చినావా!" జయరాం గట్టిగా, అవతలి గట్టు మీద ఉన్నవాడితో మాట్లాడినట్టు అరిచాడు. "చెవులు పోయినాయి మల్లీ! గుయ్యిమంటాండాది, ఏమీ ఇనపడదు! నువ్వు వద్దంటివి, నేను ఇన్లేదు, గొలుసు ఏసినా! ఎవడిచ్చినాడు రా లైను? ఆ శశిగాడేనా? వాణ్ణి ఈ పొద్దు నేను తంతా!"

మల్లికార్జున అతని చేయి పట్టుకుని చూశాడు, వేళ్ళు ముడిచి విప్పించాడు, కళ్ళలోకి చూశాడు. బతికాడు. జయరాం బతికాడు. గుండె ఎంత పెద్దగా కొట్టుకుందంటే ఆ చప్పుడు మధ్య శశి పేరు కాస్త వెనక పడిపోయింది, పడిపోతే పడిపోనీ అనిపించింది, ఇప్పుడే ఎందుకు, ముందు నీళ్ళు తాగించాలి, ఆస్పత్రికి తీసుకుపోవాలి, మూడో ఇన్సులేటర్ ఒక్కటే కదా మిగిలింది, పది నిమిషాల పని, అది కట్టేస్తే బయ్యన్న తోటకు సాయంత్రం దాకా నాలుగు గంటలు నీళ్ళు పారతాయి. నీళ్ళ సీసా జయరాం చేతిలో పెట్టాడు. "కూర్చో. ఆ ఒక్కటీ బిగించి వస్తా, ఆస్పత్రికి పోదాం," అన్నాడు, వినబడదని తెలిసీ. జయరాం విప్పి పడేసిన బెల్టు తీసి నడుముకు చుట్టుకున్నాడు. కొత్త ఇన్సులేటర్ సంచీలో వేసుకున్నాడు. కుడికాలు స్తంభం మీద పెట్టాడు, చేతులు వాటంతట అవి పైకి పాకాయి, రెండో కాలు లేచింది.

వెనక నుంచి బెల్టు పట్టుకుని జయరాం ఒక్క గుంజు గుంజాడు. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. "ఎల్‌సీ తీసుకున్న్యావా?" జయరాం మొహంలో మొహం పెట్టి అరుస్తున్నాడు. "ఎల్‌సీ! తీసుకున్న్యావా?" తీసుకోలేదు. శశికి వేయొద్దని చెప్పాను కదా అనబోయాడు. జయరాం అతని మణికట్టు పట్టుకుని గడియారం చూపించాడు. రెండుంబావు. రెండు గంటలకు సబ్‌స్టేషన్లో మనిషి మారతాడు. శశి దిగి ఇంటికి పోతాడు, వీరేష్ ఎక్కుతాడు. శశికి చెప్పిన మాట శశితోపాటే బస్సెక్కి పోయి ఉంటుంది. గొలుసు రెండు ముక్కలై పక్కన పడి ఉంది. మల్లికార్జున సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేశాడు.

"అన్నా, నీకే చేయబోతాండా," వీరేష్ హుషారుగా అన్నాడు. "పుస్తకంలో నీ ఎల్‌సీ తిరిగొచ్చినట్టే రాసుండాది. రైతులు ఒకటే ఫోన్లు. స్విచ్చి దగ్గరే నిలబడినా. ఇచ్చేద్దునా?"

నేల వేడిగా కాలుతోంది, లేవాలనిపించలేదు. పైన తీగలు కదలకుండా ఉన్నాయి. వాటి మీద కరెంటు ఉందో లేదో చూసి చెప్పగలిగినవాడు ఈ లోకంలో లేడు, ఇంతకుముందు తను చెప్పగలననుకున్నాడు. "ఇయ్యొద్దు వీరేష్. ఆ ఎల్‌సీ నేను తిరిగిచ్చింది తప్పు. జయరాం లైను మీద ఉండాడు, నేను మర్చిపోయినా. శశిది తప్పు లేదు. అట్లే రాసుకో, నా పేరు పెట్టి రాసుకో."

"ఏమంటాండావు?" జయరాం అరిచాడు. "గట్టిగా చెప్పు!"

మల్లికార్జున అతని వైపు తిరిగాడు. "నేనే!" అన్నాడు. వినబడలేదు. గొంతు చించుకుని, గుట్టంతా వినబడేట్టు అరవాల్సి వచ్చింది. "శశి కాదు! నేనే ఇయ్యమన్నా! రెండుతూర్లూ నేనే!"

జయరాం గొలుసు ముక్క ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. ఈసారి అరవకుండా, నెమ్మదిగా అన్నాడు. "రెండోతూరి నేను సగం దిగిండా మల్లీ. గొలుసు తెగే ఉండె."

చెవి దగ్గర ఫోన్లో వీరేష్ అన్నా, అన్నా అంటున్నాడు. "సరేన్నా, రాసుకున్నా. మరి లైను ఎప్పుడియ్యమంటావు? నువ్వు ఫోన్ చేసి చెప్పు, అప్పుడిస్తా."

మల్లికార్జున నడుముకున్న బెల్టు విప్పి జయరాం ఒళ్ళో పెట్టాడు. "నేను చెప్తే ఇయ్యొద్దు," అన్నాడు. "నేను మూడు దినాలుగా నిద్రపోలేదు వీరేష్. మా సారుకు చెప్పు, ఇంగెవరినైనా పంపమను. ఈ పొద్దు నేను మళ్ళీ ఫోన్ చేస్తా, చేస్తా, నాకు తెలుసు. ఏం చెప్పినా ఇనొద్దు."